గాలం వేస్తుంటే నీటికుక్కలు, ఆల్చిప్పలు కనిపిస్తే ఆ నీళ్లు బాగున్నట్టేనా?

సగమే నిజం. గోదావరి, కృష్ణ పాయల్లో, కోరింగ మడ అడవుల్లో గుంపుగా ఈదుతూ కనిపించేవి ఎక్కువగా నున్నటి బొచ్చున్న రకం నీటికుక్కలు. వీటి ముఖ్యమైన తిండి చేపలే కాబట్టి, అవి రోజూ తిరుగుతున్నాయంటే అక్కడ చేపలు, దాక్కోవడానికి ఒడ్డున పొదలు ఉన్నట్టే. ఒడ్డున రాళ్ల మీద పొలుసులతో నిండిన, ఘాటైన చేపవాసన కొట్టే రెట్ట కనిపిస్తే అది వాటిదే అనుకోవచ్చు.

ఆల్చిప్పల సంగతి వేరు. అవి నీటిని వడకట్టి అందులోని సన్నటి నాచు తింటాయి. కానీ మన దగ్గర మామూలుగా దొరికే రకం బురద చెరువుల్లో, పంట కాలువల్లో కూడా హాయిగా బతికేస్తుంది, అందుకే దాన్ని చూసి నీళ్లు తాగేయకండి! ఖాళీ చిప్పల కంటే బతికున్నవి, అందులోనూ చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నాయా అన్నది చూడండి, ఎందుకంటే వాటి పిల్లలు మొదట్లో చేపల మొప్పలకో రెక్కలకో అంటుకుని పెరుగుతాయి, చేపలు పోతే కొత్త తరం రాదు.

పగిలిన చిప్పలన్నీ నీటికుక్కల పనే అనుకోవద్దు, నత్తలు తినే కొంగలూ వాటిని తింటాయి. వల వేస్తే మాత్రం దగ్గరే ఉండండి, చిక్కుకుంటే నీటికుక్క ఊపిరాడక చచ్చిపోతుంది, పైగా అది వన్యప్రాణి చట్టం కింద రక్షిత జంతువు.