మా ఆవిడ సైకిల్‌ని నా జీతం మీద తీసుకోవచ్చా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. నాది ఐటీ ఉద్యోగం, 40 శాతం పన్ను. వారానికి రెండు రోజులు రైల్లో లండన్ ఆఫీసుకి వెళ్తాను. మా కంపెనీలో సైకిల్ టు వర్క్ స్కీమ్ ఉంది (కంపెనీ సైకిల్ కొని ఉద్యోగికి అద్దెకిస్తుంది, ఆ డబ్బు పన్ను వేయకముందే జీతంలోంచి కోస్తారు). నాకు సైకిల్ అక్కర్లేదు. మా ఆవిడ మాత్రం ఆస్పత్రిలో తన ఉద్యోగానికి (వారానికి 30 గంటలు, 20 శాతం పన్ను) సైకిల్ మీద వెళ్తానంటోంది. 800 పౌండ్ల సైకిల్ నా పేరు మీద తీసుకుని తనకి ఇచ్చేయొచ్చా? అడిగే నాథుడే లేడంటున్నారు ఫ్రెండ్స్.

జవాబు: కుదరదండీ. అడిగేవాళ్లు లేరన్నది చాలావరకు నిజమే, మైళ్ల లెక్క రాసిపెట్టమని ఎవరూ అనరు. కానీ 1999 నుంచీ ఉన్న ఈ రాయితీకి అసలు షరతే అది: సైకిల్ వాడకంలో కనీసం సగం ఆ ఉద్యోగి తన పనికి వెళ్లి రావడానికే అయ్యుండాలి. మీరు సంతకం పెట్టే అద్దె ఒప్పందంలోనూ ఆ మాట ఉంటుంది. గడువు తీరేదాకా ఆ సైకిల్ మీది కాదు, అద్దెకి తెచ్చుకున్నదే. మీరు పొడుగరి అయ్యుండి బిల్లులో 15 అంగుళాల లేడీస్ ఫ్రేమ్ కనబడితే పేరోల్‌లో (జీతాల విభాగంలో) ఎవరో ఒకరు నవ్వుకుంటారు కూడా.

ఇంతకీ ఆశ పెడుతున్నది ఎంత? మీకు 40 శాతం పన్ను, 2 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్ లాంటి వాటికోసం జీతంలోంచి కోసే చందా) కలిపి 336 పౌండ్లు మిగులుతాయి. ఆవిడ పేరు మీదైతే 20, 8 కలిపి 224. తేడా 112 పౌండ్లు. దానికోసం తప్పుడు సంతకం దేనికి?

కాబట్టి ముందు ఆవిడ్నే వాళ్ల ఆస్పత్రిలో అడగమనండి. ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టుల్లో (ప్రభుత్వ ఆస్పత్రులు నడిపే సంస్థల్లో) చాలాచోట్ల ఈ స్కీమ్ ఉంది. చిక్కల్లా కనీస వేతనం దగ్గరే. 800 పౌండ్లు 12 నెలల్లో కోస్తే నెలకి దాదాపు 67. నెలకి 130 గంటల పని కాబట్టి గంటకి దాదాపు 51 పెన్సులు తగ్గినట్టు లెక్క. కోత తర్వాత గంట జీతం కనీస వేతనం కన్నా దిగితే ఆస్పత్రి ఒప్పుకోదు, చట్టం ఒప్పుకోనివ్వదు. పే స్లిప్ తీసి చూసుకోండి. జీతం తగ్గితే పెన్షన్ లెక్క కూడా కాస్త తగ్గొచ్చు, అదీ పేరోల్ వాళ్లనే అడగాలి.

ఏడాది తిరిగాక సైకిల్‌ని వెంటనే కొనేస్తే హెచ్‌ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్నుల శాఖ) పట్టిక ప్రకారం ధరలో 25 శాతం, అంటే 200 పౌండ్లు కట్టాలి. ఆవిడకి మిగిలిన దాంట్లో చాలావరకు అక్కడే పోతుంది. అద్దెని మరో మూడేళ్లు పొడిగిస్తే 7 శాతంతో, 56 పౌండ్లతో సరిపోతుంది. పొడిగించడమే మేలు.

ఆవిడకి కుదరకపోతే ఇంకో దారి ఉంది. ఆ రెండు రోజులూ ఇంటి నుంచి స్టేషన్‌కి మీరే సైకిల్ తొక్కండి, అదీ పనికి వెళ్లడం కిందే లెక్క. మిగతా రోజుల్లో ఆవిడ ఎప్పుడైనా బజారుకి తీసుకెళ్తే తప్పులేదు. రోజూ ఆస్పత్రికి మాత్రం కాదు. అది కూడా వద్దనుకుంటే 200 పౌండ్లకి మంచి సెకండ్‌హ్యాండ్ సైకిలే వస్తుంది, ఏ ఫారమూ నింపక్కర్లేదు.

ఎవరి పేరు మీద తీసుకున్నా గట్టి తాళం, లైట్లు, హెల్మెట్ అదే వోచర్లో (స్కీమ్ కింద సైకిల్ కొనడానికి ఇచ్చే కూపన్‌లో) కలిపించుకోండి. సైకిల్ పోయినా జీతంలో కోత ఆగదు. మీ ఇంటి ఇన్సూరెన్స్‌లో బయట పెట్టిన సైకిల్‌కి కవర్ ఉందో లేదో ఇవాళే చూడండి.