చెన్నై ఫ్లాట్‌లో సాఫ్ట్ కోరల్స్ పెంచడానికి ఏ లైటు కొనాలి?

వంద లీటర్ల ఉప్పునీటి ట్యాంకు పెడుతున్నానని, బడ్జెట్‌లో సగం లైటుకే తీసి పెట్టానని రాశారు. ఆ డబ్బు ప్రస్తుతానికి జేబులోనే ఉంచండి. సాఫ్ట్ కోరల్స్ అంటే రాతి గూడు కట్టని మెత్తటి పగడపు జీవులు. వాటిలో మష్రూమ్స్, లెదర్ కోరల్, జీనియా, కెన్యా ట్రీ లాంటివాటికి భారీ లైట్లు అక్కర్లేదు. ఉప్పునీటి ట్యాంకుల కోసం అమ్మే మధ్యరకం ఎల్‌ఈడీ రోజుకు ఎనిమిది గంటలు వెలిగితే సరిపోతుంది. యూట్యూబ్‌లో నీలం వెలుగులో మెరిసిపోయే ట్యాంకులు చూసి మోసపోకండి, అందులో సగం రంగు ఎడిటింగ్‌ది.

నన్నడిగితే చెన్నైలో కోరల్స్‌ని చంపేవి రెండే: కరెంటు పోయాక కదలకుండా నిలబడిపోయే నీళ్ళు, మనం ట్యాంకులో తెచ్చి పోసే నీళ్ళు.

2023 డిసెంబరు మొదటివారంలో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మేం మడిపాక్కంలో మొదటి అంతస్తులో ఉన్నాం. కింద పార్కింగ్‌లో బైకులు సీటుదాకా మునిగాయి. షాక్ కొడుతుందని కరెంటు ఆపేశారు. బాపట్ల నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చిన మా మామగారు రైళ్ళు రద్దవడంతో ఇరుక్కుపోయారు. ఇంటి ఇన్వర్టర్ మొదటి రాత్రే చేతులెత్తేసింది. మా రెండు ఫ్యాన్లకు తోడు పైవాళ్ళవీ కిందవాళ్ళవీ ఫోన్లన్నీ మా హాల్లోనే చార్జింగ్! పై ఫ్లాట్ మామి పవర్ బ్యాంకు కూడా తెచ్చి పెట్టి వెళ్ళింది. కాదనలేం కదా.

ట్యాంకులో నీళ్ళని కదిలించే చిన్న పంపు, అదే వేవ్‌మేకర్, ఆగింది. లైటు లేకుండా కోరల్స్ రెండు మూడు రోజులు ఉండగలవు, ఆ భయం లేదు. భయమల్లా ఆక్సిజన్ గురించే. మంచినీటి కన్నా ఉప్పునీట్లో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. పగలైతే కోరల్ ఒంట్లో ఉండే ఆల్గే, అంటే కంటికి కనిపించని నాచు, కాస్త ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదీ లేదు, పైగా అందరూ పీల్చుకునేవాళ్ళే. ముందు చేపలు పోతాయి, అవి కుళ్ళితే అమ్మోనియా పెరిగి కోరల్స్ కూడా పోతాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఇంట్లో ఉంది. అందులో వేసే లావు సెల్స్ కొందామంటే వీధిలో కొట్లన్నీ నీళ్ళలోనే ఉన్నాయి.

ఇక మిగిలింది మగ్గు. బాత్రూం మగ్గు కాదు, దానికి సబ్బు అంటి ఉంటుంది. వంటింట్లో వాడని మగ్గొకటి తీసి ట్యాంకులో ముంచడం, జానెడు ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే పొయ్యడం. పైపొర చెదిరి నీళ్ళలో గాలి కలవాలి. నేనూ మా ఆవిడా మామగారూ వంతులు వేసుకున్నాం. తెల్లవారుజామున నేను లేచేసరికి ఆయన కుర్చీ వేసుకుని, పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, టార్చి చంకలో పెట్టుకుని పోస్తున్నారు. "అల్లుడుగారూ, శివుడికి కూడా ఇన్ని చెంబులు పొయ్యలేదండీ నేను" అన్నారు. తుపాను ఇక్కడ మమ్మల్ని ముంచేసి, 5వ తేదీన సరిగ్గా ఆయన ఊరి దగ్గరే తీరం దాటింది. మగ్గు ఒక చేత్తో, ఫోను ఇంకో చేత్తో పట్టుకుని ఊళ్ళో ఇల్లు ఎలా ఉందో కనుక్కుంటూ కూర్చున్నారు పాపం.

చేపలు బతికాయి. మష్రూమ్స్‌కి ఏం జరిగిందో కూడా తెలిసినట్టు లేదు. టోడ్‌స్టూల్ అనే రకం లెదర్ కోరల్ మాత్రం కరెంటు వచ్చాక కూడా ముడుచుకునే ఉంది. పైన మైనం పూసినట్టు మెరుపు, పువ్వులా విచ్చుకునే చిన్న చిన్న నోళ్ళు, అవే పాలిప్స్, ఒక్కటీ బయటికి రాదు. కొళత్తూర్‌లో నేను వెళ్ళే కొట్టాయన ఫొటో చూసి "పోయింది సార్" అని తేల్చేసి, ఆ నోటితోనే వెయ్యి రూపాయల బాటిల్ ఒకటి వెయ్యమన్నాడు. పోయినదానికి మందెందుకో! ఇలాంటప్పుడు వాసన చూడాలి. చచ్చిన కోరల్ కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది, ఒళ్ళు జారిపోతూ ఉంటుంది. మాది గట్టిగానే ఉంది. వేవ్‌మేకర్‌ని కొంచెం దానివైపు తిప్పి ఊరుకున్నాను. కొన్నాళ్ళకి ఆ మైనం పొర అంచు దగ్గర లేచి, పలచటి కాగితంలా ఊడి కొట్టుకుపోయింది. మర్నాటికి పాలిప్స్ అన్నీ బయటికి వచ్చాయి. లెదర్ కోరల్స్ తుపాను లేకపోయినా అప్పుడప్పుడూ ఇలా పొర వదులుతాయి. ఈలోపు జనం బాటిళ్ళు కొంటారు.

అందుకే లైటుకి తీసిన డబ్బులో కొంత వేవ్‌మేకర్‌కి విడిగా ఒక ఇన్వర్టర్, బ్యాటరీ కొనడానికి వాడండి. చిన్న డీసీ వేవ్‌మేకర్ పది వాట్లలోపే తింటుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉంటాయి. అందులో సగమే దక్కినా మూడు రోజులకు పైగా నడుస్తుంది. దాని ప్లగ్గు దగ్గరికి ఎవర్నీ ఫోను చార్జర్‌తో రానివ్వకండి, మొహమాటపడకండి.

ఇక నీళ్ళు. తాగేనీళ్ళ ప్యూరిఫయర్ ఉంది కదా, చాలదా అంటారు. చాలా మెషీన్లు రుచి కోసం మినరల్స్ తిరిగి కలుపుతాయి, పైగా ఈమధ్య అన్నిటికీ కాపర్ పిచ్చి పట్టింది. సేల్స్‌వాడు ఆరోగ్యం అంటూ గర్వంగా చూపించే ఆ రాగి కోరల్స్‌కి విషం. నీళ్ళలో కరిగిన లవణాలన్నిటినీ తీసేసి, వాటి కొలత అయిన టీడీఎస్ సున్నా చూపించే ఆర్‌ఓ డీఐ ఫిల్టర్ యూనిట్ విడిగా పెట్టుకోండి. క్యాన్ నీళ్ళని నేను నమ్మను. మెరీనా నుంచి నాలుగు బిందెలు తెచ్చుకుంటే పోలా అని మామగారు కూడా అడిగారు. మురికి కూవం, అడయార్ నదులు సముద్రంలో కలిసేది ఆ చుట్టుపక్కలే, వానల్లో ఒడ్డున ఉప్పదనం కూడా పడిపోతుంది.

వేసవిలో ట్యాంకు మీద ఫ్యాన్ పెడితే నీళ్ళు చల్లబడతాయి కానీ ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం అందులోనే ఉంటుంది. వంద లీటర్లలో పది తగ్గితే వెయ్యి పాళ్ళకు 35 ఉండాల్సిన ఉప్పదనం 39 దగ్గరికి వెళ్ళిపోతుంది. తగ్గిన మేర ఉప్పు కలపని ఆర్‌ఓ డీఐ నీళ్ళు రోజూ పొయ్యండి. ఉక్కపోత రోజుల్లో ఫ్యాన్ అంతగా పని చెయ్యదు, గదిలో ఏసీ వెయ్యాల్సిందే. ఆ బిల్లు సంగతి ఇంట్లో ముందే చెప్పుకోండి.

మొదట మష్రూమ్స్ తెచ్చుకోండి. తర్వాత లెదర్ పెడితే రసాయనాల్ని పీల్చుకునే బొగ్గు, అదే యాక్టివేటెడ్ కార్బన్, వెయ్యండి, ఎందుకంటే లెదర్ పక్కవాటికి పడని రసాయనాలు నీళ్ళలోకి వదులుతుంది. జోవాంథిడ్స్ అనే చిన్న బొత్తాల్లాంటి కోరల్స్ అంటించిన రాళ్ళని ముట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. శుభ్రం చేద్దామని ఆ రాళ్ళని ఎట్టి పరిస్థితుల్లోనూ ఉడకబెట్టకండి, కొన్నిట్లో పాలీటాక్సిన్ అనే ఘాటైన విషం ఉంటుంది, ఆ ఆవిరి పీలిస్తే ఇంటిల్లిపాదీ ఆసుపత్రిలోనే.