పాటల తపాలా: రష్ బృందం మళ్ళీ కెనడా అంతా తిరుగుతుందా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది పర్లాకిమిడి. నాకూ మా తమ్ముడికీ కుర్రతనం నుంచి రష్ బృందం పాటలంటే ప్రాణం. చిన్న రైలెక్కి నౌపడ వెళ్ళి, అక్కణ్ణించి విశాఖ వెళ్ళి క్యాసెట్లు కొనుక్కొచ్చిన వాళ్ళం. తమ్ముడు 2008 నుంచి కాల్గరీలో ఉంటున్నాడు. 2013లో అక్కడ రష్ కచేరీ ఉండగా వరదొచ్చి హాలు మునిగింది. కచేరీ రెడ్ డీర్‌కు మారిస్తే వాడు అక్కడికి వెళ్ళి చూశాడు. నేను ఒక్కసారీ చూడలేదు. 2015లో వాళ్ళు టూర్లు ఆపేశారు, 2020లో డ్రమ్మర్ నీల్ పియర్ట్ పోయారు. ఇక అయిపోయిందనుకున్నాం. ఇప్పుడు మళ్ళీ వస్తున్నారట, కానీ కెనడాలో టొరంటో ఒక్కటే అంటున్నారు. ఇదివరకటిలా ఆ దేశమంతా తిరుగుతారా? కాల్గరీ వచ్చేదాకా ఆగమంటారా?
— ఒక స్కూలు టీచరు, పర్లాకిమిడి

జవాబు: బాబూ, ఆగకండి. టొరంటో టికెట్ దొరికితే కొనేయండి. మీ ఉత్తరంలో తమ్ముడు చూశాడు, నేను చూడలేదు అన్న చోట చాలాసేపు ఆగిపోయాను. నేనూ చూడలేదు.

పాఠకులందరికీ తెలియాలి కాబట్టి ముందు సంగతి చెబుతాను. రష్ కెనడా రాక్ బృందం. 1968లో టొరంటోలో మొదలైంది. గెడ్డీ లీ పాడతారు, బేస్ గిటారు వాయిస్తారు. గిటారు అలెక్స్ లైఫ్‌సన్. 1974లో నీల్ పియర్ట్ వచ్చి చేరాక ఆ ముగ్గురే నలభై ఏళ్ళు నడిపారు. 2015 ఆగస్టు 1న లాస్ ఏంజెలెస్‌లోని ఫోరం హాల్లో చివరి కచేరీ చేశారు. 2020 జనవరి 7న నీల్ మెదడు క్యాన్సర్‌తో పోయారు. 2025 అక్టోబరు 6న మిగిలిన ఇద్దరూ మళ్ళీ టూరు ప్రకటించారు. చివరిసారి ఏ హాల్లో వాయిద్యాలు దించారో, 2026 జూన్ 7న అదే హాల్లో మొదలుపెడతామన్నారు. ఆ తొలి ప్రకటనలో ఏడు నగరాలున్నాయి. లాస్ ఏంజెలెస్, మెక్సికో సిటీ, ఫోర్ట్ వర్త్, షికాగో, న్యూయార్క్, టొరంటో, క్లీవ్‌లాండ్. టొరంటోలో ఆగస్టు 7, 9 తేదీలు. ఆ ప్రకటనలో సొంత దేశానికి దక్కింది అంతే. మీకు కష్టంగా ఉందంటే అర్థం చేసుకోగలను.

నాకు ఈ బృందం ఎలా పరిచయమైందో చెబితే, టొరంటో వెళ్ళమని ఎందుకంటున్నానో మీకు తెలుస్తుంది. నేను బరంపురం తంతి ఆఫీసులో పనిచేశాను. 1984 వేసవిలో ఓడ ఉద్యోగం చేసే స్నేహితుడొకడు విశాఖ రేవులో దిగి, ఇంటికి వెళ్తూ నాకో క్యాసెట్ ఇచ్చాడు. దాని మీద పేర్లేమీ లేవు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి టేప్‌రికార్డర్లో పెట్టాను. ఒక పాట మొదట్లో గంట మోగినట్టు సన్నని చప్పుడు, తర్వాత అదే నడక గిటారులోకి, డ్రమ్సులోకి వచ్చింది. డా డిట్ డా డా. డా డిట్ డా డా. డా డా డిట్ డిట్. మేం తంతిలో అక్షరాలు పంపే మోర్సు కోడ్ అది, పొడుగు చప్పుడు డా, పొట్టిది డిట్. చెవి ఊరుకోలేదు, పెన్సిలు తీసి ఖాళీ టెలిగ్రాం ఫారం వెనక రాసుకున్నాను. వై, వై, జెడ్.

మాటల్లేని పాటలో ఎవరో నాకు తంతి కొట్టారు. ఎక్కడి నుంచి కొట్టారో తెలియదు. రైల్వే కోడ్లన్నీ తిరగేశాను. బరంపురానికి బిఎఎం, పలాసకు పిఎస్ఎ. వైవైజెడ్ అన్న స్టేషనే లేదు. చాలా ఏళ్ళ తర్వాత మా వీధి కుర్రాడు కెనడా నుంచి సెలవుకు వచ్చాడు. వెళ్ళేటప్పుడు కట్టిన చీటీ అతని పెట్టెకు ఇంకా వేలాడుతోంది. దాని మీద పెద్ద అక్షరాల్లో వైవైజెడ్ అని ఉంది. టొరంటో విమానాశ్రయం కోడ్ అది! అక్కడి రేడియో కేంద్రం విమానాలకు దారి చూపడానికి ఆ మూడక్షరాలనే మోర్సులో పంపుతూ ఉంటుంది. బృందం వాళ్ళు విమానంలో ఇంటికి వస్తూ ఆ సంకేతం విని, దాన్నే పాటగా కట్టారు. పాట పేరూ వైవైజెడే, 1981లో వచ్చిన ఆల్బంలోది. ఇంటికి చేరుతున్నామన్న చప్పుడన్నమాట. ఆ చప్పుడు పుట్టిన ఊళ్ళోనే వాళ్ళు వాయిస్తుంటే వినడం మీకు తక్కువ భాగ్యమేమీ కాదు, బాబూ.

ఇక ఊరూరా ఎందుకు తిరగడం లేదంటారా? వాళ్ళకు అభిమానం తగ్గి మాత్రం కాదు. ఆ దేశం లెక్క అలాంటిది. కెనడా మొత్తం జనాభా నాలుగు కోట్లు దాటింది, ఇంచుమించు మన ఒడిశా జనాభా అంతే. విస్తీర్ణం మాత్రం ఒడిశాకు 64 రెట్లు. మన రాష్ట్రంలో జనాన్ని తీసుకెళ్ళి 64 ఒడిశాల మీద చల్లితే ఎలా ఉంటుందో ఊహించండి. కాల్గరీ నుంచి టొరంటోకు రోడ్డు మీద దాదాపు 3,400 కిలోమీటర్లు. కన్యాకుమారి నుంచి శ్రీనగర్ వెళ్ళే 44వ నంబరు హైవే 3,700 కిలోమీటర్లకు పైనే. అంటే ఇంచుమించు మన దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా.

ఇంత పెద్ద బృందం పెట్టే బేడా సర్దుకుని రైలెక్కేది కాదు. స్టేజీ, లైట్లు, సౌండ్ పెట్టెలు అన్నీ లారీల మీద వెళ్ళాలి. రాత్రి కచేరీ అవగానే విప్పి లారీలకెక్కించి, తెల్లారేసరికి తర్వాతి ఊళ్ళో మళ్ళీ బిగించాలి. అమెరికాలో అది కుదురుతుంది. షికాగో నుంచి క్లీవ్‌లాండ్ 550 కిలోమీటర్లు, ఒక రాత్రి ప్రయాణం. అదే విన్నిపెగ్ నుంచి టొరంటో అయితే 2,200 కిలోమీటర్లు, సుపీరియర్ సరస్సు పైనుంచి చుట్టి రావాలి. అక్కడి చట్టం ప్రకారం డ్రైవరు రోజుకు 13 గంటలకు మించి నడపకూడదు. రెండు రాత్రులు దారిలోనే పోతాయి. ఆ రెండు రోజులూ సిబ్బందికి జీతం, భోజనం, బస ఇవ్వాల్సిందే. పైగా కెనడాలో టికెట్ డబ్బు కెనడా డాలర్లలో వస్తుంది, అది అమెరికా డాలరులో 70 సెంట్ల చిల్లర. ఖర్చేమో చాలావరకు అమెరికా డాలర్లలో. సరిహద్దు దాటేటప్పుడు ప్రతి పెట్టెకూ జాబితా చూపించాలి. రష్ ఒక్కటే కాదు, పెద్ద బృందాలు ఎన్నో టొరంటో, మాంట్రియల్, వాంకూవర్ చూసుకుని వెనక్కి తిరగడానికి కారణం ఇదే.

వయసు కూడా ఉంది. గెడ్డీ, అలెక్స్ ఇద్దరూ 1953లో పుట్టారు. అలెక్స్‌కు కీళ్ళవాతం ఉన్న సంగతి ఆయనే బయట చెప్పారు. ఆ వేళ్ళతో మూడు గంటలు గిటారు వాయించాలంటే మధ్యలో విశ్రాంతి రోజులు కావాలి. అందుకే ఒకే ఊళ్ళో రోజు విడిచి రోజు రెండు కచేరీలు పెట్టుకుంటున్నారు. నేను దాన్ని తప్పు పట్టను.

అయినా సరే, నా మనసులో మాట చెప్పాలి. సస్కటూన్, విన్నిపెగ్, హాలిఫాక్స్ వాళ్ళకు కూడా ఆ బృందం మీద హక్కుంది. మూడు పెద్ద ఊళ్ళు తిరిగి దేశమంతా తిరిగామంటే నేను ఒప్పుకోను. చిన్న ఊరికి వచ్చిన కచేరీని జనం బతికినన్నాళ్ళూ చెప్పుకుంటారు. మీ తమ్ముడు చూసిన రెడ్ డీర్‌నే తీసుకోండి. కాల్గరీకి 150 కిలోమీటర్ల దూరంలో చిన్న పట్టణం. హాలు మునిగిందని రద్దు చేసుకుని పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. వాళ్ళు పోలేదు. చిన్న హాల్లో వాయించి, వసూలైంది వరద బాధితులకు ఇచ్చారు. అది 2013 జులై 24. దానికి పది రోజుల ముందే, జులై 14 రాత్రి, మన దేశంలో టెలిగ్రాం సర్వీసు ఆఖరు. ఆ రాత్రి నేను కౌంటరు దగ్గరే ఉన్నాను. ఆ నెలలో నేను దిగులుగా ఉంటే, మీ తమ్ముడు వెళ్ళిన ఆ కచేరీ వార్త చదివి ఎంత ఊరట పొందానో ఇవాళ మీకు చెప్పే అవకాశం వచ్చింది.

మరి ఆశ ఉందా? ఉంది, గట్టిగానే ఉంది. 1997లో నీల్ కూతురు కారు ప్రమాదంలో పోయింది. పది నెలలకు భార్య క్యాన్సర్‌తో పోయింది. నేను రిటైరయ్యాననుకోండి అని మిగతా ఇద్దరికీ చెప్పి ఆయన మోటారు సైకిలెక్కి 88,000 కిలోమీటర్లు తిరిగారు. బృందం పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. 2002 జూన్ 28న హార్ట్‌ఫర్డ్‌లో మళ్ళీ స్టేజీ ఎక్కారు. ఇప్పుడు నీలే లేరు, అయినా వస్తున్నారు. ఇలాంటి వాళ్ళు ఏడు ఊళ్ళతో ఆగుతారంటే నేను నమ్మను. టికెట్లు చకచకా అమ్ముడైతే తేదీలు పెరుగుతాయి. కాల్గరీ ఉన్న ఆల్బర్టా రాష్ట్రానికి కూడా వస్తారనే నా ఆశ. కానీ ఆశను నమ్ముకుని, చేతిలో ఉన్న తేదీని వదులుకోకండి.

మీ తమ్ముడు కాల్గరీ నుంచి నాలుగు గంటల విమానంలో టొరంటో వస్తాడు. మీకు కెనడా వీసా ఒక్కటి చాలు. షికాగో, క్లీవ్‌లాండ్ అనుకుంటే అమెరికా వీసా వేరే కావాలి, ఆ టెన్షన్ పెట్టుకోకండి. విజిటర్ వీసాకు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు 85. వేలిముద్రలు ఇవ్వడానికి హైదరాబాదో కోల్‌కతానో వెళ్ళాలి, మనకు రెండూ ఒక రాత్రి రైలు ప్రయాణం. తమ్ముడి చేత ఆహ్వానం ఉత్తరం ఇప్పుడే రాయించండి. స్కూలు నుంచి సెలవు కాగితం కూడా జత చేయండి, మీరు తిరిగి వస్తారనడానికి అది మంచి ఆధారం. రెండు టికెట్లూ తమ్ముడినే కొనమనండి, పక్కపక్కన సీట్లు వస్తాయి.

మన బరంపురం ఠాకురాణి యాత్రకు సూరత్ నుంచి రైళ్ళ నిండా జనం దిగడం మీరు చూసే ఉంటారు. రెండేళ్ళకోసారి జరిగే యాత్ర అది. మిల్లుల్లో పనిచేసే కుర్రాళ్ళు ఎన్ని అప్పులున్నా వస్తారు. అమ్మవారు మా ఊరికి రాలేదేమని ఎవరూ అలగరు, వాళ్ళే వస్తారు. 2026 ఆగస్టులో టొరంటో స్టేషన్లు కూడా అలాగే ఉంటాయి చూడండి.

ప్రశ్న: నీల్ పియర్ట్ స్థానంలో ఎవరో అమ్మాయిని కూర్చోబెట్టి రష్ అనే పేరుతోనే తిరగడం ఆయన్ని అవమానించడం కాదా?
— ఒక పాఠకుడు, బరంపురం, గోపాలపురం రోడ్డు

జవాబు: కాదు బాబూ. ఆమె ఎవరో తెలియని మనిషేమీ కాదు. అనికా నిల్లెస్, జర్మనీకి చెందిన డ్రమ్మర్. 2022లో ఇంగ్లండు గిటారిస్టు జెఫ్ బెక్ టూరులో వాయించింది. నీల్ ఆ తర్వాత పెళ్ళి చేసుకున్న రెండో భార్య, వాళ్ళ కూతురు కూడా ఈ టూరుకు మనస్ఫూర్తిగా మద్దతు చెబుతూ ప్రకటన ఇచ్చారు. ఇంటివాళ్ళే సరేనన్నాక మనం కాదనడం మర్యాద కాదు. నీల్‌లా ఆమె వాయించాలని నేను కోరుకోవడం లేదు. ఆయన రాసిన నడకను చెడకుండా పట్టుకుని, తన చెయ్యి కూడా కనిపించేలా వాయిస్తే చాలు. మా నాన్నగారు పోయాక మా వీధి భజన బృందంలో ఆయన డోలక్ ఇంకొకరు పట్టుకున్నారు. ఆ శ్రీరామనవమికి నేను ఏడ్చాను, కానీ పాట ఆగనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ప్రశ్న: నేను మృదంగం నేర్చుకుంటున్నాను. ఈ రాక్ పాటలు గోలగా అనిపిస్తాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఇంటర్ విద్యార్థి, గుణుపురం

జవాబు: పైన చెప్పిన వైవైజెడ్‌తోనే మొదలుపెట్టు నాన్నా. నీ విద్యతోనే అది తెలుస్తుంది. డా అంటే రెండు మాత్రలు, డిట్ అంటే ఒకటి అనుకో. వై అక్షరం డా డిట్ డా డా. మొదటి రెండూ కలిస్తే మూడు, తర్వాతి రెండూ నాలుగు. తకిట తకధిమి, ఏడు, నీకు వచ్చిన మిశ్రమే. జెడ్ అంటే డా డా డిట్ డిట్, తకధిమి తక, ఆరు. ఏడు, ఏడు, ఆరు కలిపి ఇరవై. ఐదు నాలుగులు. తొడ మీద చేత్తో ఐదు దెబ్బలు సమంగా వేస్తూ నోటితో అను:

తకిట తకధిమి తకిట తకధిమి తకధిమి తక

మొదట తప్పుతుంది, ఏడు మాత్రల దగ్గర చెయ్యి ఒకవైపు, నోరు ఒకవైపు లాగుతాయి. నాకు వారం పట్టింది. రెండూ ఒకచోట కలిసేదాకా పాట పెట్టకు. కలిశాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను. ఆ గంట చప్పుడు ఇరవై దగ్గరికి వచ్చి మళ్ళీ ఒకటికి తిరిగేటప్పుడు నీ చెయ్యి కూడా అక్కడే ఉంటుంది.