పిల్ల ఇల్లు చేరాకే నాటకం అయినట్టు

చిరంజీవి అమ్మలుకి అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు విశాఖలో రుషికొండ ఉద్యోగం వదిలేసి పిల్లల నాటక బృందం పెడుతున్నావట, ప్రభుత్వ బళ్ళలో నటన నేర్పుతావట, డిసెంబరులో మొదటి ప్రదర్శనట. "అక్కా, అది నా మాట వినదు, నువ్వయినా చెప్పు" అన్నాడు. చెప్తానన్నాను. మానెయ్యమని మాత్రం చెప్పను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. భయమేసింది, దానికి రెండింతలు సంతోషమేసింది. మీ తాతయ్య రైల్వే కాలనీలో పద్యనాటకాలు ఆడిన రోజులు పోయాక మన ఇంట్లో మొహానికి రంగు పూసుకునే మనిషే లేకుండా పోయారని నాకు ఎప్పటినుంచో బాధ.

ముందు తిట్లు. మీ నాన్నకి చెప్పిన పద్ధతి బాగాలేదు. వాట్సాప్‌లో ఫైలు పంపించి "చదువుకో నాన్నా" అంటే ఆయనకి ఎలా ఉంటుంది? ఈ ఆదివారం వెళ్ళి పక్కన కూర్చుని, అన్నం తింటూ చెప్పు. రెండోది, నానమ్మ ఇచ్చిన గాజుల జోలికి వెళ్ళకు. నాటకం కోసం బంగారం తాకట్టు పెట్టినవాళ్ళని చూశాను, విడిపించుకున్నవాళ్ళని చూడలేదు. ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు చేతిలో ఉంచుకుని అప్పుడు రాజీనామా ఇవ్వు.

సొసైటీగా రిజిస్టర్ చేయించడం, బృందం పేర బ్యాంకు ఖాతా, ప్రతి ఖర్చుకీ రసీదు, హెడ్మాస్టర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి. ఇవి నాకంటే నీకే బాగా తెలుసు.

నీ ఫైలు మీ నాన్న నాకూ పంపాడు. అందులో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. "సాయంత్రం ఆరున్నరకు సిరిపురంలో ప్రదర్శన, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు ప్రవేశం ఉచితం" అని రాశావు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ వాక్యం గురించే.

నేను సముద్రం ఒడ్డున ఒక బడిలో తెలుగు చెప్పే రోజుల్లో ఊళ్ళో ఒక సంస్థ బాలల నాటకోత్సవం పెట్టింది. పేరు అనవసరం. పిల్లలకి ఉచిత ప్రవేశం అని పేపర్లో వేయించుకున్నారు, మా బడికి పాసుల కట్ట పంపించారు. ఏడో తరగతి పిల్లలు ఆ పాసుల్ని పుస్తకాల్లో దాచుకుని, రోజుకి పదిసార్లు తీసి చూసుకునేవాళ్ళు. ఐదు గంటలకి ఆట అన్నారు. తీసుకెళ్ళడానికి వ్యాను వచ్చింది. తిరిగి తీసుకొచ్చే వ్యాను సంగతి అడిగితే "చూద్దాం టీచరుగారూ" అన్నారు.

ముఖ్య అతిథి ఆరున్నరకి వచ్చారు. తర్వాత దీపం వెలిగించడం, శాలువాలు, ఒకరి తర్వాత ఒకరు ఉపన్యాసాలు. పిల్లల గురించి ఎంత బాగా మాట్లాడారో! ఆ పిల్లలు మధ్యాహ్నం తిన్న తిండి మీదే కూర్చుని ఉన్నారన్న సంగతి మాత్రం ఒక్కరికీ పట్టలేదు. తెర లేచేసరికి ఎనిమిది కావస్తోంది. నాటకం నిజంగా బాగుంది తల్లీ, అది కూడా చెప్పాలి. అంతసేపు కునికిన పిల్లలు ఒక్కసారిగా ముందుకి వంగారు. మా క్లాసులో ఒక గుంట పిల్ల ఉండేది, బళ్ళో మాస్టర్లందరి నడకా మాటా చేసి చూపించేది. అది మొదటి వరసలో కూర్చుని నటుల పెదాలతో పాటు తన పెదాలు కదుపుతూ ఉంది.

ఈలోగా తండ్రులు వచ్చేశారు. పిల్లలు ఇంటికి రాలేదని వెతుక్కుంటూ, చేపల వేటకి వెళ్ళాల్సినవాళ్ళు కూడా పని మానుకుని వచ్చారు. పాసు లేదని వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేశాడు. రోడ్డు మీద అరుపులు. చివరికి లోపలికి వచ్చి, చీకట్లో పేర్లు పెట్టి పిలుస్తూ, ఎవరి పిల్లల్ని వాళ్ళు లాక్కుపోయారు. ఆ పిల్ల తండ్రి నావైపు చూడను కూడా చూడలేదు. అది వెనక్కి తిరిగి స్టేజీ వైపు చూస్తూనే వెళ్ళింది. వాళ్ళని నేనేం అనగలను? రాత్రి తొమ్మిదికి ఆడపిల్ల కనిపించకపోతే ఏ తండ్రికైనా గుండె ఆగదా?

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల నా దగ్గరికొచ్చి "టీచరమ్మా, ఆఖర్ని ఏటయ్యింది?" అని అడిగింది. కథ చెప్పాను. విన్నది. మళ్ళీ ఏడాది బడి వార్షికోత్సవానికి వేషాలు పంచుతున్నప్పుడు, అడగకముందే "మా నాన్న సంతకం పెట్టడు" అంది. పెట్టలేదు కూడా. ఇంటికి వెళ్ళి బతిమాలాను. వాళ్ళమ్మ మంచినీళ్ళిచ్చి, "నాటకాలు మాకొద్దమ్మా" అని నెమ్మదిగా చెప్పింది. ఆ ఒక్క రాత్రితో ఆ పేటలో ఎన్ని ఇళ్ళ తలుపులు మూసుకున్నాయో ఆ సంస్థవాళ్ళకి ఇప్పటికీ తెలియదు. పంచిన పాసులు లెక్కపెట్టి, అంతమంది పిల్లలకి నాటకం చూపించామని రాసుకున్నారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అందుకే అడుగుతున్నాను. డిసెంబరులో మన ఊళ్ళో ఐదున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు. నువ్వు ఆరున్నరకి తెర లేపుతానంటున్నావు. పిల్లలు ఎన్నింటికి, ఎవరితో, ఏ బస్సులో ఇళ్ళకి వెళ్తారు? నీ ఫైల్లో లైట్లకి ఒక పేజీ ఉంది, దీనికి ఒక్క గీత కూడా లేదు. టిక్కెట్టు ఉచితం చేసినంత మాత్రాన నాటకం అందరికీ అందదమ్మా.

మన హాళ్ళన్నీ ఎక్కడున్నాయో చూడు. గురజాడ కళాక్షేత్రం, చిల్డ్రన్స్ అరీనా సిరిపురంలో. కళాభారతి పిఠాపురం కాలనీలో. ఓపెన్ ఎయిర్ థియేటర్ యూనివర్సిటీలో. అంతా ఒకే చుట్టుపక్కల. గాజువాక పిల్లకైనా పెందుర్తి పిల్లకైనా రానూపోనూ బస్సులోనే పూట గడిచిపోతుంది. అందుకని మొదటి ఏడాది హాలు మాటే ఎత్తకు. నువ్వే బడికి వెళ్ళు. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఇంగ్లండులో కోవెంట్రీ అనే ఊళ్ళో బెల్‌గ్రేడ్ థియేటర్ వాళ్ళు 1965లో నటుల్ని నేరుగా బళ్ళకి పంపించారు. ఒక క్లాసు పిల్లల్నే తీసుకుని, వాళ్ళనీ కథలో పాత్రలుగా కలుపుకుని ఆడించేవారు. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1989లో ఇలాంటి పనికే ఒక బృందాన్ని పెట్టింది. అంతెందుకు, 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు తెలుగు నాటకాన్ని ప్రదర్శించింది కూడా తన విద్యార్థులతోనే.

నలభై మంది పిల్లలు, ఒక తరగతి గది, బెంచీలు గోడకి జరిపితే వచ్చే ఖాళీ. అంతే చాలు. మైకు వద్దు. మైకు అలవాటైన పిల్ల అది లేకపోతే నోరు విప్పదు. మొదటి రెండు వారాలు డైలాగు కాగితం చేతికివ్వకు. నడిపించు, ఆడించు, ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూడటం అలవాటు చెయ్యి. నాటకం నలభై ఐదు నిమిషాలు దాటకూడదు. ఆరు, ఏడు తరగతులతో మొదలుపెట్టు. కేంద్రం 2015 నుంచి జరుపుతున్న కళా ఉత్సవ్ తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వాళ్ళ కోసం. దానికంటే చిన్నవాళ్ళని పట్టించుకునేవాళ్ళు తక్కువ. పదో తరగతికి వచ్చాక పబ్లిక్ పరీక్షల టెన్షన్‌లో ఏ ఇంట్లోనూ పిల్లల్ని నీకు వదలరు.

ఏ పేటకి ఎప్పుడు వెళ్ళాలో కనుక్కుని వెళ్ళు. జాలారి తల్లులు పొద్దున్నంతా చేపల బేరంలో ఉంటారు, మధ్యాహ్నం రెండు దాటితే గానీ తీరిక ఉండదు. స్టీల్ ప్లాంట్ ఇళ్ళల్లో తండ్రి రాత్రి డ్యూటీ, అదే సీ షిఫ్టు, చేసి వచ్చి పగలు పడుకుంటాడు. అలాంటి ఇంటికి పదింటికి వెళ్ళి తలుపు కొడితే మొదటి మాటే చెడిపోతుంది. జూన్‌లో బళ్ళు తెరిచాక తల్లిదండ్రుల్ని పరిచయం చేసుకో, జులై నుంచి పని మొదలుపెట్టు. అక్టోబరు, నవంబరుల్లో బయట స్టేజీ మీద ఏదీ పెట్టుకోకు. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న, ఆ గాలి నీకూ గుర్తుండే ఉంటుంది.

పిల్లల్ని హాలుకి తీసుకెళ్ళొద్దని కాదు. ఏడాది చివర్లో ఒక్కసారి తప్పకుండా తీసుకెళ్ళు. పెద్ద స్టేజీ ఎలా ఉంటుందో వాళ్ళూ చూడాలి. పొద్దున పదిన్నరకి ఆట పెట్టు, ఒంటిగంటకి భోజనం, మూడింటికల్లా అందరూ ఇళ్ళల్లో ఉండాలి. తల్లుల్ని కూడా రమ్మను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి మామూలు సిటీ బస్సుల్లో ఛార్జీ లేదు కదా, గుర్తింపు కార్డు ఉంటే చాలు. ఆడపిల్లలకీ అంతే. మగపిల్లల ఛార్జీలు నువ్వు పెట్టుకో. లైట్లకి రాసుకున్న డబ్బులో సగం బస్సులకి మార్చు. ముఖ్య అతిథి కావాలంటే నాటకం అయ్యాక రెండు మాటలు మాట్లాడతారు, అది కూడా పిల్లలకి ఆకలి వెయ్యకపోతేనే. శాలువాలు అసలే వద్దు. చక్రాల కుర్చీలో వచ్చే పిల్ల ఉంటే ఏ తలుపు నుంచి లోపలికి వస్తుందో నువ్వు ముందురోజే వెళ్ళి చూసుకో.

ఇంకొకటి. హైదరాబాదు నుంచి ట్రైనర్‌ని పిలుస్తానన్నావు. పిలువు. కానీ ముందు ఆంధ్రా యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ విభాగానికి వెళ్ళి అడుగు. అక్కడ చదువుకున్న పిల్లలు ఈ ఊరి బస్సులెక్కేవాళ్ళు, ఈ ఊరి మాట తెలిసినవాళ్ళు. నువ్వు వెళ్ళే బళ్ళల్లో ఎవరి తాతో మామో తప్పెటగుళ్ళు ఆడే మనిషి అయి ఉండొచ్చు. రొమ్ముకి తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో ఎగిరి ఆడే ఆయన ఒకరోజు క్లాసుకి వస్తే, శరీరంతో కథ చెప్పడం అంటే ఏమిటో పిల్లలకి అరగంటలో తెలుస్తుంది. ఆ ఇంటి పిల్లాడు ఆరోజు ఎంత పొడుగవుతాడో నువ్వే చూస్తావు. ఆయనకి ట్రైనర్‌కి ఇచ్చినంత ఇవ్వు, తక్కువ చెయ్యకు.

పిల్లల మాట దిద్దకు. "ఏటి", "ఎల్లిపోనాడు" అంటే అననీ. కన్యాశుల్కం 1892లో మొదట ఆడింది మన పక్కనున్న విజయనగరంలోనే కదా. జనం మాట్లాడే మాటలతోనే గురజాడవారు అంతటి నాటకం నిలబెట్టారు. అలాంటి నేల మీద పుట్టిన పిల్ల తన యాసకి సిగ్గుపడి చెట్టు వేషం వేసుకుని నిలబడితే చూడలేను నేను. ముందే రికార్డు చేసిన గొంతుకి పెదాలు ఆడించడం మరీ ఘోరం. స్కూల్ డే ఫంక్షన్లలో ఇప్పుడు అదే ఎక్కువయింది. నీ బృందంలో అది రానివ్వకు.

ఇప్పుడు చెప్పేది రెండుసార్లు చదువు. ఏ రిహార్సల్లోనూ ఒక పెద్దమనిషి ఒక పిల్లతోనో పిల్లాడితోనో ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళుండాలి, అందులో ఒకరు ఆడమనిషి. బట్టలు మార్చుకునే గదికి గడియ లోపలినుంచి పడాలి, బయట మన మనిషి ఉండాలి. పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నుంచి ఉంది. బృందంలో చేరేవాళ్ళందరికీ మొదటి రోజే దాని గురించి చెప్పు. "ఆయన పెద్ద కళాకారుడు, అలాంటివాడు కాదు" అని ఎవరైనా అంటే వినకు. ఫోటోలు తల్లి అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకు. నీకు ఇవన్నీ చాదస్తంగా అనిపించొచ్చు. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల మధ్య పాఠాలు చెప్పిన మనిషి భయం ఇది, ఊరికే పుట్టలేదు.

డబ్బు సంగతికొస్తే, అంతా ఉచితం అనకు. కుదిరినవాళ్ళ దగ్గర నెలకి ఇరవయ్యో ముప్పయ్యో తీసుకో, లేదన్నవాళ్ళని మళ్ళీ అడక్కు. డబ్బిచ్చిన తల్లి "ఇవాళ ఆలస్యం ఎందుకయింది?" అని ధైర్యంగా అడుగుతుంది. ఆమె అలా అడగాలి. ప్రైవేటు స్కూళ్ళ దగ్గర మాత్రం మొహమాటపడకుండా పూర్తి ఫీజు అడుగు, అందులోంచే మిగతా బళ్ళు నడవాలి.

నువ్వు చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మా ఇంటికొచ్చి, నా చీర కట్టుకుని, మీ మావయ్యని బెంచీ మీద కూర్చోబెట్టి పాఠం చెప్పేదానివి. ఆయన రోజూ కావాలని తప్పు జవాబు చెప్పేవారు, నువ్వు రోజూ ఓపిగ్గా మళ్ళీ చెప్పేదానివి. ఆ ఓపిక నీకు ఇంకా ఉందని నాకు నమ్మకం. మీ నాన్నకి ఈ మాట నేనే చెప్తాను.

డిసెంబరు తేదీ రద్దు చెయ్యి. వచ్చే వారం ఒక పనిరోజు సెలవు పెట్టుకుని రా. ఇద్దరం కలిసి నాకు తెలిసిన హెడ్మాస్టరమ్మ దగ్గరికి వెళ్దాం. ఆవిడ బడి పాతనగరంలో ఉంది, మధ్యాహ్నం భోజనాల తర్వాత అయితే తీరిగ్గా మాట్లాడుతుంది. వచ్చేటప్పుడు ఆ బడికి వెళ్ళే బస్సుల నంబర్లు, ఆఖరి బస్సు టైము కాగితం మీద రాసుకుని రా. స్క్రిప్టు తర్వాత చూద్దాం.

దీవెనలతో,
మీ అత్త