చిట్టీ, వత్తులు జాగ్రత్త

చిట్టీ,

నీ నోట్సన్నీ ఈమాక్స్ అనే ఎడిటర్‌లో పెట్టి, ఒకదానికొకటి లింకులున్న పేజీలతో సొంత వికీ కట్టుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "అచ్చం నీ పోలికే అక్కా" అంది. మురిసిపోయాను. పోలిక అనగానే గుండె గుభేలుమంది కూడా. నాలుగు రోజులుగా రంగులు, ఫాంట్లు మారుస్తూనే ఉన్నావట. రాసింది మాత్రం రెండు పేజీలట! ఇదేం చోద్యమే?

ఎడిటర్ మంచిదే ఎంచుకున్నావు. చాలా టెర్మినళ్లలో, అంటే ఆ ఆదేశాలు కొట్టే నల్ల కిటికీల్లో, విమ్ అనే ఇంకో ఎడిటర్ తెరిస్తే మన వత్తులు ఎటో పోతాయి. ఈమాక్స్ 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి, అక్షరాలనీ వత్తులనీ సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ వాడుతోంది కాబట్టి తెలుగు కుదురుగా కూర్చుంటుంది. కంట్రోల్-హెచ్, తర్వాత హెచ్ నొక్కు. నానా భాషల పలకరింపుల మధ్య మన 'నమస్కారం' ఉంటుంది. అది మొదటిసారి చూసిన రోజు ఆఫీసులో పక్క సీటామెను పిలిచి మరీ చూపించాను.

ఈమాక్స్‌లో నోట్సు రాసుకునే పద్ధతి ఆర్గ్ మోడ్. అందులో లింకు పెట్టడానికి కంట్రోల్-సీ, కంట్రోల్-ఎల్. తెరవడానికి కంట్రోల్-సీ, కంట్రోల్-ఓ. గుమ్మంలా ఒక మొదటి పేజీ పెట్టుకో. మిగతాది చేత్తో చేస్తుంటే అదే వస్తుంది.

ఇక నా గొడవ విను. 1999లో విజయవాడలో నా డీటీపీ సెంటర్ ఉన్నప్పుడు, పెళ్లికార్డుల పని లేని మధ్యాహ్నాలు అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిందల్లా కొట్టేదాన్ని. ఊరగాయల కొలతలు, చుట్టరికాలు, ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారో అన్నీ. అప్పటి ఆ ఫాంట్లలో నిజానికి తెలుగు అక్షరమే ఉండదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో మన ముక్కల బొమ్మలుంటాయి, అంతే. అది చాలక, నేను పెద్ద తెలివైనదాన్ని కదా, వత్తులు అందంగా రావడం లేదని ఫాంట్ ఎడిటర్‌తో కొన్నిటిని వేరే స్థానాల్లోకి మార్చాను. ఏది ఎక్కడ పెట్టానో ఎక్కడా రాసుకోలేదు.

హార్డ్‌డిస్క్ పోయింది, దాంతో ఆ ఫాంటూ పోయింది. ఫ్లాపీలో ఫైలు మాత్రం మిగిలింది. ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉండే యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు వచ్చాక ఆశగా వేసి చూశాను. నేను చెయ్యి పెట్టిన వత్తుల చోటల్లా డబ్బాలు! 'గిద' పక్కన డబ్బా ఉంటే గిద్ద అని పోల్చుకోగలను. కానీ అమ్మను పెంచిన పిన్ని పేరు 'రత', పక్కన డబ్బా, 'మ్మ' అని ఉంది. రత్తమ్మా, రత్నమ్మా? మాకెవరికీ తెలీదు. అప్పటికి అమ్మ పోయి మూడేళ్లు.

అందుకే పోరుతున్నాను. ఫైళ్లన్నీ యూనికోడ్‌ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలోనే ఉండాలి. ఈమాక్స్ సెట్టింగులుండే నీ ఇనిట్ ఫైల్‌ను నోట్సున్న ఫోల్డర్‌లోనే పెట్టి, మార్చిన ప్రతి లైను పైన ఎందుకు మార్చావో తెలుగులో ఒక ముక్క రాసుకో. లింకులకి ఆర్గ్ మోడ్ తయారుచేసే పొడుగాటి ఐడీలు వద్దు, ఫైలు పేరే పెట్టు. పేరు మారిస్తే లింకు తెగుతుంది, నిజమే. అయితే పేర్లు ఊరికే మార్చకు! నెలకోసారి ఆ ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌లో వేసి, మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువు. నువ్వు పెట్టిన హంగులేవీ లేకుండా అర్థమైతేనే అది నీ దగ్గర ఉన్నట్టు. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ నాకివ్వు, బీరువాలో పెడతాను. నవ్వకు.

కోప్పడ్డానని ముఖం మాడ్చుకోకు బంగారూ. నీ వయసులో నేనూ రంగులే మార్చాను.

ఆ పాత ఫైలు డబ్బాలతో సహా పంపిస్తున్నాను, నీ వికీలో ఒక పేజీ చెయ్యి. రెండో పేజీకి మీ అమ్మను ఈ ఆదివారమే కూర్చోబెట్టు. మొన్న ఫోన్‌లో పులిహోర గోంగూరకి ఎండుమిరపకాయలెన్నో చెప్పడానికి రెండుసార్లు తడబడింది.

మీ పెద్దమ్మ