జూన్ రాగానే సబ్‌స్క్రిప్షన్లు ఆగిపోతుంటే
అన్నా, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తిదారులకు నెలకు 499 రూపాయలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తే, జూన్‌లో సగం మంది ఆపేస్తున్నారని, కొత్త ఫీచర్లు పెట్టాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు. పత్తి అక్టోబర్ నుంచి మొదలు, మిర్చి ఎండాకాలం దాకా. ఆ తర్వాత యార్డులో సరుకేది? సరుకు లేని నెలకు ఏ సేటూ డబ్బు కట్టడు.

పైగా ఆటోపేలో ఖాతా నుంచి డబ్బు దానంతటదే కట్ అయ్యే 24 గంటల ముందే మెసేజ్ వెళ్లాలన్నది ఆర్‌బీఐ నిబంధన. ఖాళీగా కూర్చున్న సేటు అది చూసి ‘ఇదేంది?’ అంటాడు. అంతే, క్యాన్సిల్.

నెలవారీ ప్లాన్ తీసేసి ఏడాది ప్లాన్ పెట్టండి, దసరాకు ముందే అమ్మండి. 15,000 రూపాయల లోపైతే యూపీఐ ఆటోపే రెన్యువల్‌కు మళ్లీ పిన్ కొట్టాల్సిన పని లేదు. ధర మాత్రం తగ్గించకండి. ఆపేసినవాళ్లకు కూడా పాత తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు), రైతుల అడ్వాన్సు లెక్కలు చూసుకునే వీలు ఉంచండి, ఆడిటర్ అడిగినప్పుడు మళ్లీ తెరుస్తారు.

ఇంకోటి, రెన్యువల్ మాట ముందు గుమస్తాతో ఎత్తండి. కాటా వేసే దడ్వాయి తూకం చెప్పగానే రైతు ఎదురుగా తక్‌పట్టీ కొట్టేది అతనే. సేటు అడిగేదీ అతన్నే.