పిట్టలకు పెట్టిన గింజలు ఉడుతల పాలవుతుంటే ఏం చేయాలి?

గోడ మీద గింజలు పోస్తే గంటలోపే ఉడుతలు వాటిని ఖాళీ చేస్తున్నాయని మీరు, పిచ్చుకలు వచ్చి చూసి వెళ్లిపోతున్నాయని రాశారు. కారప్పొడి కలపడం, గింజల డబ్బాను నిలిపే గొట్టానికి గ్రీజు పూయడం వంటి ఉపాయాలలో ఏది పనిచేస్తుందని అడిగారు. నేను తొమ్మిదేళ్లుగా పెరట్లో పిట్టలకు గింజలు, నీళ్లు పెడుతున్నాను. మొదటి రెండేళ్లు నా పరిస్థితి అచ్చం ఇలాగే ఉండేది. అందుకే ముందుగా ఒక మాట చెబుతాను. ఏ పరికరమూ కొనక ముందు ఒక వారం రోజులు పిట్టలను వదిలి ఉడుతనే గమనించండి. అది ఏ చెట్టు దిగి వస్తోంది, ఏ కొమ్మ చివర ఆగి దూకుతోంది, ఏ వేళలో వస్తోంది అన్నవి తెలియకుండా చేసిన ఏర్పాటు ఎంతోకాలం నిలవదు. మీరు గింజలు పోస్తున్న గోడ చాలా వరకు దాని రోజువారీ దారే అయి ఉంటుంది.

నేను ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాను. మొదట ఒక ప్లాస్టిక్ ఫీడర్‌ను, అంటే పిట్టలకు గింజలు పెట్టే డబ్బాను, పురికొసతో చెట్టుకొమ్మకు వేలాడదీశాను. మూడో రోజుకే ఉడుత ఆ కొసను కొరికేయడంతో ఫీడర్ కింద పడి పగిలిపోయింది. తరువాత తీగతో కట్టాను. ఉడుత వెనుక పాదాలు మడమ దగ్గర వెనక్కి తిరుగుతాయి కాబట్టి అది తల కిందికి పెట్టి తీగ వెంట తేలికగా దిగివచ్చి, వేలాడుతూనే తినేది. గింజలు రాలే రంధ్రాన్ని కొరికి పెద్దది కూడా చేసింది. దాని ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక కొరకడం దానికి అవసరం; దానిని తప్పుపట్టి లాభం లేదు. ఉడుతలు ఉన్నచోట ప్లాస్టిక్ ఫీడర్ పెట్టవద్దని మాత్రం గట్టిగా చెప్పగలను. లోహపు జాలీతో చేసినది చాలాకాలం మన్నుతుంది.

చివరికి పనిచేసింది ఇది. పెరట్లో ఖాళీ జాగాలో నున్నని ఇనుప గొట్టం ఒకటి పాతి, దాని కొసన ఫీడర్ బిగించి, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో గొట్టం చుట్టూ గొడుగులాంటి రేకును, నోరు కిందికి ఉండేలా అమర్చాను. ఉడుత గొట్టం ఎక్కుతుంది కానీ ఆ రేకును దాటి పైకి పోలేదు. ఇక్కడ కొలతలు ముఖ్యం. పెద్ద జాతుల ఉడుతలు నిలువుగా నాలుగు అడుగులకు పైగా, అడ్డంగా ఎనిమిది నుంచి పది అడుగుల దాకా దూకగలవు. ఎత్తైన చోటు నుంచి అయితే ఇంకాస్త దూరం పోగలవు. అందువల్ల గొట్టానికి పది అడుగుల లోపు గోడ, కొమ్మ, బట్టల తీగ ఏదీ ఉండకూడదు. ఒక ఏడాది వానలు వెలిశాక ఉడుత మళ్లీ ఫీడర్ మీద కనిపించింది. రేకు వదులైందేమోనని రెండు రోజులు దాన్నే సరిచేస్తూ కూర్చున్నాను. తీరా చూస్తే పక్కచెట్టు కొమ్మ రెండు అడుగులు ముందుకు పెరిగింది. కొమ్మలు కొట్టే ముందు వాటిలో గూళ్లు లేవని తప్పక చూసుకోండి.

బరువు పడితే మూత పడిపోయే ఫీడర్లు కూడా దొరుకుతాయి. అర కిలో బరువుండే బూడిదరంగు ఉడుతల విషయంలో అవి బాగానే పనిచేస్తాయి. వీపున చారలుండే చిన్న ఉడుత మాత్రం సుమారు వంద గ్రాములే తూగుతుంది, గోరింక బరువు కూడా దాదాపు అంతే. అటువంటి ఫీడర్‌ను ఆ ఉడుతను ఆపేలా సవరిస్తే గోరింకకూ మూత పడిపోతుంది. ముప్పై గ్రాములైనా లేని పిచ్చుకలకు మాత్రమే పెట్టాలనుకుంటే అది మంచిదే.

కారప్పొడి వెనుక శాస్త్రం నిజమే. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ అనే పదార్థాన్ని గుర్తించే గ్రాహకాన్ని అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనుగొంది. ఆయనకు 2021లో వైద్య నోబెల్ దక్కినది ఇటువంటి పరిశోధనకే. క్షీరదాలలో ఆ గ్రాహకం క్యాప్సైసిన్‌కు స్పందిస్తుంది, పక్షులలో స్పందించదు. కాబట్టి కారం కలిపిన గింజలు పిట్ట నోటికి మండవు. అయినా నేను ఆ పద్ధతి మానేశాను. పొడి గాలికి లేచి ఒకసారి నా కళ్లలోనే పడింది. అదే పొడి ఉడుత కళ్లలో పడితే అది ఎంత బాధపడుతుందో నాకు అప్పుడు అర్థమైంది. గ్రీజు అసలే వద్దు. అది ఉడుత బొచ్చుకు, పిట్ట ఈకలకు అంటుకుంటే వదలదు. ఈకలు అతుక్కుపోయిన పిట్ట సరిగా ఎగరలేదు, ఒంటి వేడినీ నిలుపుకోలేదు.

నాకు ఎక్కువగా ఉపయోగపడినది వేళ. మా పెరట్లో పిచ్చుకలు తొలి వెలుగులోనే దిగుతాయి; ఉడుతలు ఎండ కాస్త పైకి వచ్చాక గాని కనిపించవు. నెల రోజులు పుస్తకంలో రాసుకున్నాక ఈ తేడా తేలింది. అప్పటి నుంచి పిట్టలు గంటన్నరలో తినగలిగినన్ని చిరుధాన్యాలు మాత్రమే తెల్లవారగానే పోస్తున్నాను. ఉడుతలు దిగివచ్చే చెట్టు మొదట్లో, ఫీడర్‌కు దూరంగా, వాటి కోసం వేరుగా కొన్ని గట్టి పెంకు గింజలు ఉంచుతాను. వాటిని ఒలుచుకోవడానికి చాలాసేపు పడుతుంది కనుక ఉడుత అక్కడే నిలుస్తుంది. ఎక్కువ పెడితే మాత్రం ఉడుతల సంఖ్య పెరుగుతుంది, గుప్పెడు చాలు. రాత్రికి గింజలు మిగలనీయకండి, ఎలుకలు చేరతాయి.

ఉడుతల కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది శుభ్రత. అనేక పిట్టలు ఒకేచోట ముక్కు పెట్టే చోట రోగం త్వరగా పాకుతుంది. బ్రిటన్‌లో 2005 నుంచి ట్రైకోమొనోసిస్ అనే వ్యాధి వ్యాపించి గ్రీన్‌ఫించ్ పిట్టల సంఖ్య దారుణంగా పడిపోయింది. కలుషితమైన ఫీడర్లు, నీటి తొట్లు ఆ వ్యాప్తికి తోడ్పడ్డాయి. అందుకే రెండు వారాలకు ఒకసారి ఫీడర్‌ను కడిగి, ఒక వంతు బ్లీచ్ ద్రవానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపిన ద్రావణంలో ముంచి, మళ్లీ మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఎండబెట్టండి. ఈకలు ఉబ్బించుకుని, దగ్గరకు వెళ్లినా ఎగరకుండా కూర్చున్న పిట్ట కనబడితే కనీసం రెండు వారాలు గింజలు పెట్టడం ఆపేయండి. నాకు ఒకసారి అలా ఆపవలసి వచ్చింది. పిచ్చుకలు ఖాళీ గొట్టం చుట్టూ తిరుగుతుంటే చూడడం కష్టమైనా అదే సరైన పని. తడిసి బూజు పట్టిన గింజలు, ఉప్పు వేసిన తినుబండారాలు ఎన్నడూ పెట్టవద్దు.

ఒక అంగుళం, మహా అయితే రెండు అంగుళాల లోతున్న పళ్లెంలో నీళ్లు పెట్టి, కాలు ఆనడానికి ఒక రాయి వేయండి. దోమలు పెరగకుండా నీటిని రోజూ మార్చండి. గింజలు ముట్టని పికిలిపిట్టలు, తేనెపిట్టలు నీళ్లకు వస్తాయి. అక్కడ ఉడుతలు కూడా తాగుతాయి, తాగనివ్వండి. ఫీడర్ కిటికీ అద్దానికి మూడు అడుగుల లోపు గాని, ముప్పై అడుగులకు మించి గాని ఉంటే పిట్టలు అద్దానికి గట్టిగా కొట్టుకుని చనిపోయే ప్రమాదం తగ్గుతుంది. గోడకు దూరంగా ఉండవలసిన గొట్టం మీది ఫీడర్‌కు రెండోదే కుదురుతుంది. పిచ్చుకలు పిల్లలకు పురుగులనే పెడతాయి కాబట్టి పెరట్లో పురుగుమందులు చల్లకండి.

పిట్టలను లెక్కించేటప్పుడు వచ్చిన ప్రతిదాన్నీ కూడుతూ పోవద్దు, ఒకేసారి కనిపించిన గరిష్ఠ సంఖ్యను రాసుకోండి. బ్రిటన్‌లో 1979 నుంచి జరుగుతున్న పెరటి పక్షుల గణనలోనూ ఇదే పద్ధతి. దీనివల్ల ఒక పిట్టను రెండుసార్లు లెక్కపెట్టే పొరపాటు జరగదు. ఆ పుస్తకంలోనే ఉడుతకూ ఒక గడి గీయండి. బూడిదరంగు ఉడుతలు డేగ అరుపు విన్న తరువాత చుట్టూ పిట్టల మామూలు కిచకిచలు వినబడితే త్వరగా కుదుటపడతాయని 2019లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. మా పెరట్లోనూ ఉడుత తోక విదిలిస్తూ ఆగకుండా అరిచినప్పుడు పిచ్చుకలు గింజలు వదిలి పొదలోకి దూరడం, ఆ వెంటనే గోడ మీద పిల్లి కనబడడం ఎన్నోసార్లు చూశాను. అది చూశాక ఉడుతను పూర్తిగా తరిమేయాలన్న ఆలోచన నాకు పోయింది.

మీరు రేపటి నుంచి గోడ మీద గింజలు పోయడం ఆపి, ఆ గోడకు, దగ్గరి చెట్టుకు మధ్య ఎన్ని అడుగులు ఉందో కొలవండి. అన్నివైపులా పది అడుగుల ఖాళీ దొరికిన చోటే గొట్టం పాతాలి.